ఈత మధ్యలో గులాబీ రంగు నురగ: ఆస్తమా అనుకున్న ఒక కేసు

నేను హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టర్ని. ఈ కేసు రాయడానికి పేషెంట్ ఒప్పుకున్నారు, ఆవిడెవరో తెలిసిపోయే వివరాలన్నీ మార్చేశాను లేదా తీసేశాను. నలభై దాటాక ఈత మొదలుపెట్టి, రెండు మూడేళ్లలో ట్రయాథ్లాన్‌లనీ ఓపెన్ వాటర్ పోటీలనీ తిరిగేవాళ్లు మన దగ్గర బాగా పెరిగారు. ఈదుతుండగా ఊపిరాడక, నురగ దగ్గే ఇబ్బంది వాళ్లలో కొందరికి వస్తుంది, అది మాత్రం ఇంకా ఆస్తమా, నెమ్ము, "నీళ్లు మింగేసింది" అన్న మూడు పేర్ల కిందే పోతోంది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

ఆవిడకి యాభై దాటాయి. నడుం నొప్పికి ఈత మంచిదని ఎవరో చెబితే మొదలుపెట్టి, అందులో పడిపోయి, మా దగ్గరకి వచ్చేనాటికి వారానికి నాలుగు రోజులు కిలోమీటరున్నర చొప్పున ఈదుతున్నారు. పది కిలోమీటర్ల పరుగు కూడా ఆగకుండా పూర్తి చేస్తారు. షుగర్ లేదు, సిగరెట్ సంగతి అసలే లేదు. బీపీ గురించి అడిగితే "హెల్త్ క్యాంపులో కొంచెం ఎక్కువుందన్నారు, టెన్షన్ వల్లేమో అన్నారు" అని తేలిగ్గా తీసేశారు.

మందులేమైనా వాడుతున్నారా అంటే లేదన్నారు. పాత చీటీలన్నీ టేబుల్ మీద పరిచి ఒక్కొక్కటే చూస్తుంటే, మైగ్రేన్ కోసమని దాదాపు ఏడాదిగా రాత్రిపూట ప్రొప్రనోలాల్ 40 మి.గ్రా. వేసుకుంటున్నట్టు బయటపడింది. "అది తలనొప్పి మాత్ర కదా డాక్టర్ గారూ, మందు కాదుగా" అన్నారు. ఈ మాత్ర సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

వచ్చిన ఇబ్బంది

మొదటిసారి నవంబర్ చివర్లో, తెల్లవారి ఆరు గంటలకి, పైకప్పు లేని పూల్‌లో. ఆ రోజుల్లో మన హైదరాబాద్ పూల్స్‌లో నీళ్లు ఎలా ఉంటాయో దిగినవాళ్లకే తెలుసు. నాలుగొందల మీటర్లు దాటాక ఊపిరి చాలలేదు, దగ్గు వచ్చింది, గట్టు పట్టుకుని ఆగితే గొంతులో ఏదో గరగరమంటోంది. ఇంటికెళ్లి పడుకున్నారు. సాయంత్రానికి మామూలైపోయారు. మర్నాడు దగ్గర్లోని డాక్టర్ చలికాలపు ఆస్తమా అని చెప్పి, ఈతకి ముందు రెండు పీల్పులు పీల్చమని ఇన్‌హేలర్ రాశారు.

రెండోది జనవరిలో, ఒక రిజర్వాయర్‌లో రెండు కిలోమీటర్ల ఈత పోటీ. ఈసారి అంతా పద్ధతిగా చేశానని ఆవిడ నమ్మకం. ఇన్‌హేలర్ పీల్చారు. చలి తగలకుండా స్నేహితురాలి వెట్‌సూట్ వేసుకున్నారు, అది ఆవిడ కొలతకన్నా ఒక సైజు చిన్నది. ముందు రాత్రి నుంచి "బాగా హైడ్రేట్ అవ్వాలి" అన్న సలహా ప్రకారం సీసాలకి సీసాలు నీళ్లు తాగారు. ఆరొందల మీటర్ల దగ్గర మళ్లీ అదే ఆయాసం. అలవాటు కొద్దీ వెల్లకిలా తిరిగి తేలుతూ సేదతీరుదామనుకున్నారు, ఇంకా ఎక్కువైంది. కయాక్‌లో ఉన్న కుర్రాడు చూసి పడవ ముక్కు పట్టుకోమని అరిచాడు. ఒడ్డుకి తెచ్చి టిష్యూ చేతికిస్తే, దగ్గిన ప్రతిసారీ దాని మీద సబ్బు నురగ లాంటిదే, లేత గులాబీ రంగులో.

ముందు జరిగిన వైద్యం

దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆక్సిజన్ 82. అక్కడివాళ్లకి కనిపించింది నీళ్లలోంచి లాగిన, నీరసంగా ఉన్న, వణుకుతున్న మనిషి. కాబట్టి నీళ్లు లోపలికి పోయాయనుకోవడం, సెలైన్ ఎక్కించడం రెండూ సహజంగానే జరిగాయి. ఒక సీసా సెలైన్ త్వరగా ఎక్కించాక ఆక్సిజన్ మాస్క్ సరిపోలేదు, ఒత్తిడితో గాలి ఇచ్చే మాస్క్ పెట్టాల్సి వచ్చింది. రాత్రి డ్యూటీ డాక్టర్ ఎందుకో అనుమానించి సెలైన్ ఆపి, ఒంట్లోని నీరు తీసే లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లారేసరికి సగం తేరుకున్నారు. ఆ డాక్టర్ ఎవరో గానీ నేను మనసులో దండం పెట్టుకున్నాను.

ఊపిరితిత్తుల రక్తనాళాల్లో గడ్డ ఉందేమోనని సీటీ కూడా తీశారు. గడ్డ లేదు. రెండు వైపులా పొగమంచు పట్టినట్టు మచ్చలు. డిశ్చార్జ్ చీటీలో "ఆస్పిరేషన్ న్యుమోనియా (నీళ్లు లోపలికి పోయి వచ్చిన నెమ్ము), ఆస్తమా" అని రాసి, యాంటీబయాటిక్స్, ఇన్‌హేలర్ డోసు పెంపు. పది రోజుల తర్వాత ఆవిడ నా దగ్గరకొచ్చి అడిగిన మొదటి మాట: "నేను నీళ్లు మింగలేదు డాక్టర్ గారూ. ఎవరికి చెప్పినా నమ్మట్లేదు."

ఆలోచన ఎలా సాగింది

ముందు నెమ్ము సంగతి. చేరిన రోజు ఎక్స్‌రే, రెండో రోజు సాయంత్రం తీసిన ఎక్స్‌రే పక్కపక్కన లైట్‌బాక్స్ మీద పెట్టాను. మొదటిదాంట్లో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా మబ్బేసినట్టుంటే, రెండోది దాదాపు శుభ్రం. నిజమైన నెమ్ము మచ్చ ఒకటిన్నర రోజులో చెరిగిపోదు, మనిషి బాగైనా ఎక్స్‌రే వారాలు పడుతుంది. జ్వరం ఒక్కసారీ రాలేదు. అంత త్వరగా వచ్చి అంత త్వరగా పోయేది ఊపిరితిత్తుల్లో చేరిన నీరే.

ఆ నీరు బయటిదా, ఒంట్లోదా? ఇక్కడ ఆవిడ మాట నమ్మడమే సరైనదనిపించింది. మునిగి నీళ్లు పీల్చినవాళ్లకి ఒక క్షణం గుర్తుంటుంది, పొలమారడం, గొంతు పట్టేయడం, కంగారు. ఈవిడ కథలో అదేదీ లేదు. తల నీటి పైనే ఉంది, స్ట్రోక్ సాగుతోంది, ముందు ఆయాసం వచ్చింది, తర్వాత దగ్గు, ఆ తర్వాత నురగ. నీళ్లు పీల్చి ఉంటే ఈ వరుస తిరగబడేది.

ఆస్తమా ముద్రకి మూడు చోట్ల పొసగలేదు. శ్రమ వల్ల వచ్చే ఆస్తమా ఎక్కువగా శ్రమ ఆపిన కొద్ది నిమిషాలకి ముదురుతుంది, ఈవిడకి ఈదుతుండగానే వచ్చింది. చలిగాలిలో పది కిలోమీటర్లు పరిగెత్తినా రాని ఆస్తమా నాలుగొందల మీటర్ల ఈతకే రావడం వింత. అన్నిటికన్నా పెద్దది ఆ తలనొప్పి మాత్ర. ప్రొప్రనోలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకి పడదు, ఊపిరి గొట్టాల్ని బిగించేస్తుంది. అది ఏడాదిగా వేసుకుంటూ ఒక్కరోజూ పిల్లికూతలు రాని మనిషికి ఆస్తమా అంటే నాకు మింగుడుపడలేదు. పైగా ఇన్‌హేలర్‌లోని మందు పని చేసే చోటే ఈ మాత్ర అడ్డుపడుతుంది, రెండూ కలిపి వాడించడంలో అర్థం లేదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, మొదటి చీటీలో ఆస్తమా అని ఉందని రెండో చీటీలో డోసు పెంచారంతే.

అయినా రుజువు కావాలి. ప్రొప్రనోలాల్ మీద ఉండగా ఊపిరి గొట్టాల్ని కావాలని బిగించి చూసే మెథాకొలిన్ పరీక్ష చేయడం ప్రమాదం. అందుకని ట్రెడ్‌మిల్ మీద గట్టిగా పరిగెత్తించి, ముందూ తర్వాతా గాలి ఊదించి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేశాం. ఆస్తమా అనడానికి మొదటి సెకనులో ఊదే గాలి కనీసం 10 శాతం తగ్గాలి. ఆవిడకి తగ్గనే లేదు.

ఇక మిగిలింది గుండె. కార్డియాలజిస్ట్ మిత్రుడి దగ్గర ఎకో చేయిస్తే పంపింగ్ మామూలుగానే ఉంది, కానీ ఎడమ జఠరిక గోడ కొంచెం మందం, అది వదులై నిండే వేగం కొంచెం మందకొడి. గుండె రక్తనాళాల సీటీ శుభ్రం. ఇరవై నాలుగ్గంటల బీపీ మెషిన్ కట్టి పంపితే సగటు 148/92, రాత్రి నిద్రలో తగ్గాల్సినంత తగ్గలేదు. హెల్త్ క్యాంపులో టెన్షన్ అన్నది టెన్షన్ కాదన్నమాట.

అప్పుడు బొమ్మ కుదిరింది: ఈత వల్ల వచ్చే పల్మనరీ ఎడీమా, అంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. వైద్యంలో దీన్ని సైప్ అంటారు, డైవర్లలో వస్తే ఇమ్మర్షన్ పల్మనరీ ఎడీమా. కొత్త జబ్బేం కాదు, 1989లోనే బ్రిటిష్ కార్డియాలజిస్ట్ పీటర్ విల్మ్స్‌హర్స్ట్ బృందం చల్లటి నీళ్లలో ఇలా ఊపిరితిత్తుల్లో నీరు చేరిన డైవర్ల, ఈతగాళ్ల గురించి రాస్తూ, వాళ్లలో తర్వాత బీపీ కనిపించడాన్ని గుర్తించింది.

లోపల జరిగేది ఇది. మెడ దాకా నీళ్లలోకి దిగగానే నీటి ఒత్తిడి కాళ్లలోని, పొట్టలోని రక్తాన్ని ఛాతీలోకి నెడుతుంది, అర లీటరు పైనే. నీళ్లు చల్లగా ఉంటే చర్మంలోని నాళాలు ముడుచుకుని ఇంకొంత రక్తాన్ని లోపలికి తోస్తాయి, బీపీ పెరుగుతుంది. బిగుతు వెట్‌సూట్ అదే పని బయటినుంచి చేస్తుంది. ముందే లీటర్ల కొద్దీ తాగిన నీళ్లు ఉండనే ఉన్నాయి. ఇంత రక్తం వచ్చి పడుతుంటే ఎడమ జఠరిక చకచకా వదులై నింపుకోవాలి. ఈవిడది గోడ మందమై అంత త్వరగా వదులవ్వదు, పైగా ప్రొప్రనోలాల్ గుండె వేగాన్ని పెరగనివ్వట్లేదు. వేగం పెరగకపోతే ప్రతి కొట్టుకూ ఎక్కువ రక్తం నింపుకోవాలి, లోపల ఒత్తిడి పెరుగుతుంది, అది వెనక్కి ఊపిరితిత్తుల సన్న నాళాల్లోకి ఎక్కుతుంది. గాలికీ రక్తానికీ మధ్య ఉండే పొర పల్చటి చోట్ల మైక్రాన్‌లో మూడో వంతు కూడా ఉండదు. అది ఉరుస్తుంది, ఇంకా ఒత్తిడి పెరిగితే చిట్లుతుంది. నురగకి గులాబీ రంగు అందుకే. పరుగులో ఇదేదీ జరగదు, నిలబడ్డ మనిషి రక్తం కాళ్లలోనే ఉంటుంది.

ఎక్కువ నీళ్లు తాగడం గురించి ఒక్క మాట. ఇజ్రాయెల్ నుంచి 1995లో వచ్చిన రిపోర్టులో ఉన్నది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు. ఈతకి ముందు ఒక్కొక్కరు సుమారు 5 లీటర్లు తాగి సముద్రంలో 2.4 కిలోమీటర్లు ఈది ఇలాగే పడ్డారు. కాబట్టి గుండె శుభ్రంగా ఉన్నా ఇది రావచ్చు. యాభై దాటిన ఆడవాళ్లలో, బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువ. స్వీడన్‌లో ఏటా వాన్స్‌బ్రో అనే ఊళ్లో, నదిలో జరిగే పెద్ద ఈత పోటీలో అక్కడి డాక్టర్లు ఏళ్ల తరబడి చూస్తున్నదీ అదే.

ఏం ప్రయత్నించాం, ఏది పనిచేయలేదు

ఇన్‌హేలర్లు ఆపేశాం. మైగ్రేన్ చూసే న్యూరాలజిస్ట్‌తో మాట్లాడితే, ప్రొప్రనోలాల్ ఒక్కసారిగా ఆపితే గుండెదడ, తలనొప్పి తిరగబెడతాయి కాబట్టి నెమ్మదిగా తగ్గిద్దామన్నారు. న్యాయమే. ఆ తగ్గించే వారాల్లో పూల్‌కి వెళ్లొద్దని చెప్పాను. ఆవిడ బేరానికి దిగారు, "వెట్‌సూట్ వేసుకోను, నీళ్లు తాగను, మెల్లగా ఈదుతాను". ఎలాగూ వెళ్లేలా ఉన్నారు. ఒంటరిగా వెళ్లడం కన్నా నా కళ్ల ముందు వెళ్లడం మేలనుకుని ఒక ఫిబ్రవరి ఉదయం చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్, ఆక్సిమీటర్ పట్టుకుని పూల్ గట్టుకి వెళ్లాను.

నీళ్లలో థర్మామీటర్ ముంచితే 22 డిగ్రీలు. దిగే ముందు చెవి తమ్మెకి క్లిప్ పెట్టి చూస్తే ఆక్సిజన్ 98. వేలికి పెట్టకూడదా అంటే, చల్లటి నీళ్లలోంచి వచ్చిన వేళ్లలో రక్తం ఉండదు, ఆక్సిమీటర్ నోటికొచ్చిన అంకె చూపిస్తుంది. అల్ట్రాసౌండ్‌లో రెండు ఊపిరితిత్తులూ శుభ్రం. మొదటి మూడొందల మీటర్లు మాట ప్రకారం మెల్లగానే ఈదారు. తర్వాత పక్క లేన్‌లో ఎవరో దాటేస్తుంటే చూసి వేగం పెంచారు, ఈతగాళ్ల బుద్ధి అంతే. ఐదొందల దగ్గర చిన్న దగ్గు. వెంటనే పైకి లాగాం. చెవి దగ్గర 93. వీపు కింది భాగంలో ప్రోబ్ పెడితే పక్కటెముకల మధ్య తెర పైనుంచి కిందికి నిలువు తెల్ల గీతలు, ఒక్కో సందులో మూడు నాలుగు. ఊపిరితిత్తిలో నీరు మొదలైందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆవిడకే తెర తిప్పి చూపించాను. కూర్చోబెట్టి, దుప్పటి కప్పి ఉంచితే గంట తర్వాత 96కి వచ్చింది.

అంటే నీళ్లు తాగడం, బిగుతు సూట్ మానేస్తే చాలదు. అవి పైపై కారణాలు, లోపల బీపీ, ప్రొప్రనోలాల్ అలాగే ఉన్నాయి. ఆవిడ బేరాలు కూడా ఆ రోజుతో సరి.

కొన్నాళ్లకి ఆవిడ ఫోన్ చేసి సిల్డెనఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) రాయమన్నారు. ఎక్కడో చదివారు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో రిచర్డ్ మూన్ బృందం 2016లో ఇలాంటి ఈతగాళ్లని చల్లటి నీళ్లలో వ్యాయామం చేయించి, సిల్డెనఫిల్ ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి తగ్గిస్తుందని చూపించిన మాట నిజం. నేను రాయలేదు. అది ఒత్తిడి కొలిచిన ప్రయోగం, ఏళ్ల తరబడి ఈదేవాళ్లకి రక్షణ ఇస్తుందని చెప్పే అధ్యయనం కాదు. ఇరవై ఏడేళ్ల ఆరోగ్యవంతుడికి సంగతి వేరు. ఈవిడకి చేయాల్సిన అసలు వైద్యం ఎదురుగా కనిపిస్తుంటే, దాన్ని వదిలేసి పోటీకి ముందు ఒక మాత్ర మింగించడం నాకు నచ్చలేదు.

ఏది పనిచేసింది

బీపీకి ఏ మందు అన్నది కాస్త ఆలోచించాల్సి వచ్చింది. ప్రొప్రనోలాల్ లాంటి బీటా బ్లాకర్ వద్దు. నీరు తీసే మాత్ర పేరుకి సరైనదిలా కనిపించినా, ఎండల్లో గంటల తరబడి పరిగెత్తే మనిషికి పొటాషియం, సోడియం గొడవలు తెచ్చిపెడుతుంది. ప్రొప్రనోలాల్ తీసేస్తే మైగ్రేన్ మాటేమిటి? ఇక్కడ న్యూరాలజిస్ట్ అన్న ఒక్క మాటతో రెండూ తీరిపోయాయి: క్యాండెసార్టాన్. బీపీ మందే, మందమైన గుండె గోడకీ మంచిది, మైగ్రేన్ రాకుండా కూడా వాడతారు. 8 మి.గ్రా.తో మొదలుపెట్టి, కిడ్నీ, పొటాషియం పరీక్షలు చూసుకుని 16కి పెంచాం. ప్రొప్రనోలాల్ పూర్తిగా ఆగింది. ఉప్పు, ఆవకాయ తగ్గించమంటే ఆవకాయ దగ్గర మాత్రం ఒప్పందం కుదరలేదు.

ఏప్రిల్‌లో బీపీ సగటు 126/78. అప్పుడు మళ్లీ పూల్. నీళ్లు 28 డిగ్రీలు, ఎనిమిదొందల మీటర్లు, దగ్గు లేదు, చెవి దగ్గర 97, గీతలు లేవు. అందరూ సంతోషించారు గానీ నాకు అది పరీక్షే కాదు, వేసవిలో ఆవిడకి ఎప్పుడూ రాలేదు కదా. అసలు పరీక్ష డిసెంబర్‌లో, 21 డిగ్రీల నీళ్లలో. ముందు పావుగంట మెల్లగా ఈది ఒళ్లు అలవాటు పడ్డాకే వేగం పెంచాలన్న షరతుతో కిలోమీటరు ఈదారు. ఆక్సిజన్ 96, ఒకచోట ఒక్క నిలువు గీత, అది లెక్కలోకి రాదు. గుండె గోడ మందం కూడా ఏడాది తర్వాతి ఎకోలో కొద్దిగా తగ్గింది.

మందు మార్పా, బీపీ అదుపా, వేగం తగ్గించడమా, వీటిలో ఏది ఎంత పనిచేసిందని నన్నడిగితే విడదీసి చెప్పలేను. అన్నీ ఒకేసారి మార్చాం. ఒక్కొక్కటే మార్చి చూడ్డం శాస్త్రానికి బాగుంటుంది, పేషెంట్‌ని మళ్లీ మళ్లీ నురగ కక్కించి నేర్చుకునేంత శాస్త్రం నాకు అక్కర్లేదు.

ఈ కేసు చెప్పేవి

ఈత తర్వాత ఆయాసంతో వచ్చిన మనిషిని ఇప్పుడు మా జూనియర్లు ముందు అడిగే ప్రశ్న: ఊపిరి ఆడకపోవడం నీళ్లలో ఉండగా మొదలైందా, బయటికొచ్చాకా? రెండోది: పొలమారిందా? ఈ రెండిటికీ సరైన జవాబు వస్తే సగం దారి దొరికినట్టే. సెలైన్ స్టాండ్ దగ్గరకి చెయ్యి పోకముందే ఇవి అడగాలి. నీళ్లలోంచి తీసి, కూర్చోబెట్టి, తడి బట్టలు, బిగుతు సూట్ విప్పి, ఒళ్లు వెచ్చబరిచి ఆక్సిజన్ ఇస్తే చాలామంది ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటారు. ఆక్సిజన్ నిలబడకపోతే ఒత్తిడి మాస్క్. రెండో రోజు ఎక్స్‌రే మళ్లీ తీయడం మర్చిపోకూడదు, అది శుభ్రంగా ఉంటే యాంటీబయాటిక్స్ ఎందుకు సాగుతున్నాయో ఆలోచించాలి. తేరుకున్నారు కదా అని ఇంటికి పంపేసినా పని పూర్తవదు, ఎకో, ఇరవై నాలుగ్గంటల బీపీ చూడాలి.

కోచ్‌లకీ పోటీలు పెట్టేవాళ్లకీ చెప్పేది: ఈత మధ్యలో ఎడతెగని దగ్గుతో ఉన్నవాణ్ని "ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టు" అనకండి, పైకి లాగండి. వెల్లకిలా తేలితే కూడా ఒళ్లంతా నీళ్లలోనే ఉంటుంది, రక్తం ఛాతీలోంచి కదలదు. కయాక్ అంచు పట్టుకుని ఛాతీ వీలైనంత నీటిపైకి రావాలి, వెంటనే ఒడ్డు చేరాలి.

ఇప్పుడావిడ

పూల్ ఈత సాగుతోంది, చలికాలంలో కూడా, ఒక్కరే మాత్రం ఎప్పుడూ దిగరు. ఓపెన్ వాటర్‌కి పక్కన పడవ ఉంటేనే, పోటీ పడకుండా ఉంటేనే ఒప్పుకున్నాను. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రావచ్చన్నది ఆవిడకీ తెలుసు.

కిందటి నెల కొత్త కోరికతో వచ్చారు. కొడుకు అండమాన్ తీసుకెళ్తాడట, హేవ్‌లాక్‌లో స్కూబా చేయాలట. దానికి వద్దన్నాను. పూల్‌లో ఊపిరాడకపోతే గట్టు చేయి చాపితే అందుతుంది. పన్నెండు మీటర్ల లోతులో ఇదే మొదలైతే, నోట్లో ఉన్న రెగ్యులేటర్ గాలి ఇవ్వట్లేదనిపిస్తుంది, మనిషి దాన్ని పీకేస్తాడు లేదా ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తాడు. పది మీటర్ల లోతు నుంచి పైకి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోని గాలి రెండింతలు అవుతుంది. బిగబడితే ఊపిరితిత్తి చిరిగి గాలి బుడగలు రక్తంలోకి, అక్కడినుంచి మెదడుకి పోతాయి. ఒక జబ్బు కాస్తా రెండవుతాయి, రెండోదానికి రీకంప్రెషన్ ఛాంబర్ (మనిషిని లోపల ఉంచి గాలి ఒత్తిడి పెంచే గది) కావాలి. కొడుకు వింటున్నాడు, ఆవిడ మాత్రం "స్నార్కెలింగ్ అయితే?" అన్నారు. లైఫ్‌జాకెట్‌తో, వెచ్చటి నీళ్లలో, నిలబడితే అందే లోతులో అయితే సరేనన్నాను. బీపీ ఆ రోజు 124/76.